నెట్ పోయినా మోటారు ఆగాలి

మైక్రోకంట్రోలర్ బోర్డుతో (ప్రోగ్రాం రాసి పరికరాలని నడిపించే చిన్న కంప్యూటరు చిప్పున్న బోర్డు) నీళ్ల మోటారు నడిపిద్దామని పూనుకున్నవాళ్లలో చాలామంది మొదట చేసే పని ఒకటే. ఈఎస్‌పీ32 వైఫై బోర్డు ఒకటి, రిలే మాడ్యూలు (చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని ఆన్, ఆఫ్ చేసే స్విచ్) ఒకటి తెచ్చి, ఫోనులో ఒక బటన్ పెట్టుకుంటారు. హైటెక్ సిటీ ఆఫీసులో కూర్చుని నొక్కితే మల్కాజిగిరిలో ఇంటి మోటారు తిరుగుతుంది. చూడటానికి బాగానే ఉంటుంది. కానీ 'ఆన్' వెళ్లిన ఐదు నిమిషాలకి ఇంట్లో నెట్ పోయిందనుకోండి. 'ఆఫ్' ఎవరు చెప్తారు? పైన ట్యాంకు నిండి పొంగిపోతూ ఉంటుంది. లేదా సంపులో నీళ్లు అయిపోయి మోటారు ఉత్తిగా తిరిగి సీలు కాలుతుంది. ఇందులో బోర్డు తప్పు లేదు, రిలే తప్పు లేదు. ఆపాలన్న నిర్ణయాన్ని ఇంటి బయట ఎక్కడో పెట్టడం వల్ల వచ్చిన చిక్కు ఇది.

హాబీ బోర్డుని వెబ్‌కి కలిపేటప్పుడు అందరూ ఏ యాప్ వాడాలి, ఏ క్లౌడ్ మంచిది అని మొదలుపెడతారు. నెట్ లేనప్పుడు ఈ బోర్డు ఏం చేస్తుంది అని మొదలుపెట్టాలని నా వాదన. దానికి జవాబు కాగితం మీద రాసుకున్నాకే వైఫై పేరు, పాస్‌వర్డు టైపు చెయ్యాలి. నెట్ మీదుగా బయటికి వెళ్లేది సమాచారం, లోపలికి వచ్చేది కోరిక. ఆ కోరికని మన్నించాలా వద్దా అన్నది మోటారు పక్కనున్న బోర్డు తేల్చుకోవాలి. ఈ ఒక్క నియమాన్ని గట్టిగా పట్టుకుంటే ఏ తీగ, ఏ ప్రోటోకాల్, ఏ సర్వరు అన్న ఎంపికలు చాలావరకు వాటంతట అవే తేలిపోతాయి.

దీనికి హైదరాబాద్‌లో నీళ్ల ట్యాంకు కంటే మంచి ఉదాహరణ దొరకదు. చాలా కాలనీల్లో నల్లా రోజు విడిచి రోజు వస్తుంది, అదీ గంటో రెండు గంటలో. వచ్చిన నీళ్లు సంపులో పడతాయి. సంపు నుంచి మోటారు వాటిని ఐదో అంతస్తు పైనున్న ట్యాంకుకి ఎక్కిస్తుంది. ఎండాకాలం బోరు కూడా అడుగంటితే ట్యాంకరే దిక్కు. ఇలాంటి చోట వంద లీటర్లు పొంగిపోతే చూస్తూ ఊరుకోలేం. కరెంటు పోవడం, రూటరు ఆగిపోవడం, స్లాబులు దాటి వైఫై అందకపోవడం, మే నెల ఎండ — బోర్డుకి వచ్చే కష్టాలన్నీ ఈ ఒక్క పనిలోనే కలిసి వస్తాయి.

బోర్డు ఎంపిక గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. ఆర్డుయినో యూనో ఆర్3లో ర్యామ్ 2 కిలోబైట్లే. దానికి ఇంకో వైఫై మాడ్యూలు తగిలించి వెబ్‌కి కలపడం ఇవాళ అనవసర ప్రయాస. 2014లో వచ్చిన ఈఎస్‌పీ8266 ఇప్పటికీ మంచిదే కానీ, టీఎల్ఎస్ (నెట్ మీద పోయే సమాచారాన్ని రహస్యంగా ఉంచే పద్ధతి) పెట్టగానే దాని మెమరీ ఇరుకైపోతుంది. 2022 నాటి రాస్ప్‌బెర్రీ పై పికో డబ్ల్యూ మైక్రోపైథాన్ రాసేవాళ్లకి హాయి. నేను మాత్రం 2016లో వచ్చిన ఈఎస్‌పీ32నే సూచిస్తాను. కోఠి గుజరాతీ గల్లీలోని విడిభాగాల షాపుల్లో దొరుకుతుంది, కాలిపోతే అదే రోజు ఇంకోటి తెచ్చి పెట్టుకోవచ్చు. నీళ్లకి సంబంధించిన పనిలో ఆ సౌకర్యం ముఖ్యం.

పిన్నులు ఎంచుకునేటప్పుడు కాస్త చూసుకోవాలి. వైఫై నడుస్తున్నంతసేపు ఈఎస్‌పీ32లో ఏడీసీ2 (వోల్టేజిని అంకెగా మార్చే రెండో భాగం) కింద ఉన్న పిన్నులు అనలాగ్ రీడింగ్ ఇవ్వవు, కాబట్టి అనలాగ్ సెన్సరు ఏదైనా ఏడీసీ1 పిన్నుకే ఇవ్వాలి. 34 నుంచి 39 వరకు ఉన్న పిన్నులు ఇన్‌పుట్‌కే పనికొస్తాయి, వాటికి లోపలి పుల్-అప్ (పిన్నుని హై వైపు పట్టి ఉంచే రెసిస్టర్) కూడా లేదు. ఫ్లోట్ స్విచ్ (నీటి మట్టంతో తేలుతూ తెరుచుకునే, మూసుకునే స్విచ్) వాటికి కలిపితే బయట 10 కిలోఓమ్ రెసిస్టర్ తప్పనిసరి. 12వ పిన్ను స్టార్ట్ అయ్యే క్షణంలో 'హై' స్థితిలో ఉంటే బోర్డు ఫ్లాష్ మెమరీ వోల్టేజిని 1.8 వోల్టులు అనుకుని అసలు బూట్ అవ్వదు. కొత్తవాళ్లు బోర్డు పోయిందని పక్కన పడేసేది చాలాసార్లు ఈ పిన్ను వల్లే.

ఇక కరెంటు సంగతి. ఇక్కడ కాసేపు ఆగాలి, ఎందుకంటే 'వైఫై కలుస్తోంది, పోతోంది' అన్న ఫిర్యాదుల్లో పెద్ద భాగం వైఫైవి కావు. ఈఎస్‌పీ32 వైఫైలో సిగ్నల్ పంపే క్షణంలో 240 మిల్లీఆంపియర్ల దాకా లాగుతుంది. చిప్పు తయారీదారే సప్లై కనీసం 500 మిల్లీఆంపియర్లు ఇవ్వగలగాలని చెప్తాడు. చాలా డెవలప్‌మెంట్ బోర్డుల మీద ఉండే ఏఎంఎస్1117 రెగ్యులేటర్ పనిచెయ్యాలంటే దాని ఇన్‌పుట్, ఔట్‌పుట్ కంటే 1.1 నుంచి 1.3 వోల్టులు ఎక్కువ ఉండాలి. అంటే 3.3 వోల్టులు రావాలంటే లోపలికి దాదాపు 4.6 వోల్టులు కావాలి. సన్నటి, పొడవాటి యూఎస్‌బీ కేబులు 5 వోల్టుల్లో అర వోల్టు తినేస్తే కథ అక్కడే ముగుస్తుంది. సీరియల్ మానిటర్‌లో బ్రౌన్‌అవుట్ డిటెక్టర్ (వోల్టేజి పడిపోయిందన్న హెచ్చరిక) అన్న మాట కనబడి బోర్డు రీసెట్ అవుతుంది. అందుకని 5 వోల్టులు 2 ఆంపియర్ల మంచి అడాప్టర్, మీటరు లోపు మందపాటి కేబులు, బోర్డు దగ్గరే 5 వోల్టులకీ గ్రౌండుకీ మధ్య 470 మైక్రోఫారడ్ కెపాసిటర్, దాని పక్కన 0.1 మైక్రోఫారడ్ సిరామిక్ ఒకటి పెట్టండి. రిలే కాయిల్‌కి కరెంటు బోర్డు 3.3 వోల్టుల పిన్ను నుంచి తియ్యొద్దు, అడాప్టర్ 5 వోల్టుల నుంచే నేరుగా ఇవ్వండి. గ్రౌండ్ మాత్రం రెండింటికీ కలవాలి.

మట్టం కొలవడానికి అందరూ హెచ్‌సీ-ఎస్‌ఆర్04 అల్ట్రాసోనిక్ సెన్సరే తెస్తారు. బల్ల మీద బాగా పనిచేస్తుంది. ట్యాంకులో కొన్నాళ్లకి చచ్చిపోతుంది. రాత్రి ట్యాంకు మూత లోపలి వైపు నీటి ఆవిరి చుక్కలై సెన్సరు కళ్లలోకి దిగడమే కారణం. తడికి తట్టుకునే జేఎస్ఎన్-ఎస్‌ఆర్04టీ వాడాలి. దానికీ ఒక పరిమితి ఉంది. సెన్సరుకి 20-25 సెంటీమీటర్ల లోపల ఉన్న నీటిని అది చూడలేదు. కాబట్టి నిండు మట్టం కంటే కనీసం 30 సెంటీమీటర్ల పైన దాన్ని బిగించాలి. మూతకి అంత ఎత్తు లేకపోతే మూత మీద పీవీసీ పైపు ముక్క నిలబెట్టి దాని కొసకి బిగిస్తారు. అలా చేస్తే పైపు వెడల్పుగా ఉండాలి, లేకపోతే ధ్వని పైపు అంచుకే తగిలి తిరిగొస్తుంది. ఎకో పిన్ను 5 వోల్టులిస్తుంది, ఈఎస్‌పీ32 పిన్ను 3.3 వోల్టులకి చేసింది. మధ్యలో 1 కిలోఓమ్, 2 కిలోఓమ్ రెసిస్టర్లతో వోల్టేజి డివైడర్ పెట్టాలి. పెట్టకపోయినా కొన్నాళ్లు నడుస్తుంది, అందుకే చాలామంది పెట్టరు.

ఎండ ప్రభావాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు. గాలిలో ధ్వని వేగం 25 డిగ్రీల దగ్గర సెకనుకి దాదాపు 346 మీటర్లు, 45 డిగ్రీల దగ్గర దాదాపు 359. మే మధ్యాహ్నం టెర్రస్ మీద నల్లటి ట్యాంకు లోపలి గాలి అంత వేడెక్కడం మామూలే. తేడా మూడున్నర శాతం. మీటరు దూరానికి మూడున్నర సెంటీమీటర్లు. ట్యాంకు వ్యాసం 1.1 మీటర్లయితే ఒక్కో సెంటీమీటరుకి తొమ్మిదిన్నర లీటర్లు, అంటే ముప్పై లీటర్లకి పైగా తప్పు లెక్క. అదీ ఉన్నదానికంటే ఎక్కువ నీళ్లున్నట్టు చూపిస్తుంది, ఎందుకంటే వేడిలో ప్రతిధ్వని తొందరగా తిరిగొస్తుంది. డీఎస్18బీ20 ఉష్ణోగ్రత సెన్సరు ఒకటి 4.7 కిలోఓమ్ పుల్-అప్‌తో పెట్టి, వేగాన్ని 331.3 కూడిక 0.606 రెట్ల ఉష్ణోగ్రతగా లెక్కగడితే ఇది సరిపోతుంది. రీడింగులు 60 మిల్లీసెకన్ల ఎడంతో ఏడు తీసుకుని మధ్యస్థం వాడండి, సగటు వద్దు. మోటారు నీళ్లు పోస్తున్నప్పుడు అలల వల్ల ఒక రీడింగు పిచ్చిగా వస్తే సగటు మొత్తం చెడుతుంది, మధ్యస్థం చెడదు.

రెండు స్టీలు కడ్డీలు నీళ్లలో దించి మట్టం పట్టే పద్ధతి చవకే. కానీ బోరు నీళ్లకి వాటి మీద తెల్లగా ఉప్పు పేరుకుంటుంది, ఎప్పుడూ డీసీ ఇస్తే ఒక కడ్డీ కరిగిపోతుంది. నేను దాన్ని సూచించను.

సెన్సరు ఎంత మంచిదైనా చివరి మాట దానిది కాకూడదు. ట్యాంకు పైన, నిండు మట్టానికి కాస్త పైన, ఒక ఫ్లోట్ స్విచ్ పెట్టండి. మామూలుగా మూసి ఉండి, నీళ్లు తగిలితే తెరుచుకునే రకం కావాలి. దాన్ని 12 వోల్టుల చిన్న రిలే కాయిల్‌కి వరసలో కలిపి, ఆ రిలే కాంటాక్టుని మోటారు కాంటాక్టర్ (మోటారు కరెంటుని మోసే పెద్ద రిలే) కాయిల్ దారిలో పెట్టాలి. ట్యాంకులోకి 230 వోల్టులు వెళ్లవు. తీగ తెగినా, ఎలుక కొరికినా రిలే పడిపోయి మోటారు ఆగుతుంది. ఈ దారిలో బోర్డు లేదు, ప్రోగ్రాం లేదు, నెట్ అసలే లేదు.

రిలే మాడ్యూలు మీద 10 ఆంపియర్లు అని రాసి ఉంటుంది కదా, ఒక హెచ్‌పీ మోటారు నడిచేటప్పుడు ఏడు ఆంపియర్లే కదా అని నేరుగా కలిపేస్తారు. ఆ పది ఆంపియర్లు బల్బులాంటి లోడుకి రాసిన అంకె. మోటారు స్టార్ట్ అయ్యే క్షణంలో దానికి అయిదారు రెట్లు లాగుతుంది. కొన్ని నెలల్లో కాంటాక్టులు అతుక్కుపోతాయి, అప్పుడు బోర్డు ఎన్నిసార్లు ఆఫ్ అన్నా మోటారు ఆగదు. చిన్న రిలేతో కాంటాక్టర్ కాయిల్‌ని మాత్రమే నడపండి, మోటారు కరెంటుని ఏసీ-3 (మోటార్లకి వర్తించే) రేటింగ్ ఉన్న కాంటాక్టర్ మోస్తుంది, దానికి ఓవర్‌లోడ్ రిలే (కరెంటు హద్దు దాటితే మోటారుని ఆపేది) తోడు. కాయిల్‌కి అడ్డంగా 100 ఓమ్, 0.1 మైక్రోఫారడ్ ఎక్స్2 రకం స్నబ్బర్ (వోల్టేజి స్పైక్‌ని మింగే రెసిస్టర్-కెపాసిటర్ జత) లేకపోతే కాంటాక్టర్ పడిన ప్రతిసారీ వచ్చే స్పైక్‌కి బోర్డు రీసెట్ అవుతుంది. సబ్‌మెర్సిబుల్ స్టార్టర్ పెట్టెలో స్టార్ట్ కెపాసిటర్ వేరుగా ఉంటుంది, దాని తీరే వేరు. 230 వోల్టుల వైపు పని తెలిసిన ఎలక్ట్రీషియన్ చేతే చేయించండి.

రిలే మాడ్యూళ్లలో చాలావాటికి సిగ్నల్ 'లో' (సున్నా వోల్టులు) అయితే రిలే ఆన్ అవుతుంది. బోర్డు స్టార్ట్ అయ్యేటప్పుడు పిన్ను గాల్లో ఊగుతూ ఉంటే మోటారు ఒక్క క్షణం ఉలిక్కిపడుతుంది. ఆ పిన్నుకి 3.3 వోల్టుల వైపు 10 కిలోఓమ్ పుల్-అప్ పెట్టి, ప్రోగ్రాం మొదట్లోనే పిన్నుని ఇన్‌పుట్ పుల్-అప్‌గా పెట్టి, హై చేసి, ఆ తర్వాతే ఔట్‌పుట్‌గా ప్రకటిస్తే ఇది పోతుంది.

ఇప్పుడు బోర్డు లోపలి నియమాలు. ఇవి అన్నీ నెట్ లేకుండా నడవాలి. మట్టం 30 శాతం కిందికి వస్తే, సంపులో పెట్టిన ఇంకో ఫ్లోట్ స్విచ్ నీళ్లున్నాయంటే, మోటారు ఆన్. 90 శాతానికి ఆఫ్. రెండు అంకెల మధ్య అంత ఎడం ఉండాలి, లేకపోతే మోటారు మాటిమాటికీ ఆగి స్టార్ట్ అవుతుంది. మామూలుగా ట్యాంకు నిండటానికి 20 నిమిషాలు పడుతుందని తెలిస్తే, 30 నిమిషాలు దాటిన ఏ పరుగునైనా ఆపెయ్యాలి. ఇంకో నియమం నాకు వీటన్నిటికంటే ఇష్టం. మోటారు ఆన్ అయిన మూడు నిమిషాల్లో మట్టం కనీసం 5 సెంటీమీటర్లు పెరగకపోతే ఆపు. వెయ్యి లీటర్లు 20 నిమిషాల్లో నిండే చోట మూడు నిమిషాలకి 15 సెంటీమీటర్లు పెరగాలి, కాబట్టి 5 అన్నది ఉదారమైన హద్దే. సంపు ఖాళీ అయినా, ఫుట్‌వాల్వ్ లీకైనా, పైపులో గాలి పట్టినా, ఎవరో వాల్వు మూసినా, సెన్సరు ఒకే అంకె దగ్గర బిగుసుకుపోయినా ఈ ఒక్క నియమం పట్టుకుంటుంది. అలా ఆగినప్పుడు మళ్లీ తనంతట తాను స్టార్ట్ కాకూడదు. మనిషి వచ్చి చూసి బటన్ నొక్కాలి.

ఈ నియమాలు డిలే ఫంక్షన్ మీద రాయొద్దు. బోర్డు డిలేలో కూర్చున్నంతసేపు నెట్ కనెక్షనునీ పట్టించుకోదు, ఫ్లోట్‌నీ పట్టించుకోదు. మిల్లీస్‌తో (బోర్డు స్టార్ట్ అయినప్పటి నుంచి గడిచిన మిల్లీసెకన్ల లెక్క) సమయం తీసుకుని ఇప్పటి విలువలోంచి పాత విలువ తీసివేసి చూడాలి. రెండూ అన్‌సైన్డ్ (మైనస్ లేని అంకెలు) అయితే 49.7 రోజులకి ఆ అంకె సున్నాకి తిరిగినా లెక్క తప్పదు. పాతదానికి కూడి పోల్చితే మాత్రం ఆ రోజున తప్పుతుంది.

అపార్ట్‌మెంట్లలో ఇంకో చిక్కు. సెన్సరు టెర్రస్ మీద, మోటారు కింద సెల్లార్‌లో, మధ్యలో ఆరు ఆర్‌సీసీ స్లాబులు. ఏదో ఒక ఫ్లాటు వైఫైని నమ్ముకుని రెండు చివర్లనీ కలపడం నిలబడే పని కాదు. ఆ ఫ్లాటువాళ్లు పాస్‌వర్డు మారిస్తే భవనం మొత్తానికి నీళ్లు ఆగుతాయి. డక్ట్‌లో తీగ దింపే వీలుంటే ఆర్‌ఎస్-485 (ఒక జత తీగల మీద దూరం దాకా సమాచారం పంపే పద్ధతి) కంటే నమ్మకమైనది లేదు. 3.3 వోల్టులకి సరిపోయే మాక్స్3485 మాడ్యూలు రెండు చివర్లా, మామూలు నెట్‌వర్క్ కేబుల్లో ఒక మెలితిప్పిన జత, రెండు కొసల్లో 120 ఓమ్ రెసిస్టర్లు. నెమ్మది వేగంలో ఇది 1200 మీటర్ల దాకా పోతుంది, మనకి కావాల్సింది 30 మీటర్లే. తీగ కుదరకపోతే లోరా (నెమ్మదిగానే అయినా దూరం పోయే రేడియో). మన దేశంలో లైసెన్సు అక్కర్లేకుండా 865-868 మెగాహెర్ట్జ్ వాడుకోవచ్చు. అమెరికా కోసం 915కి సెట్ చేసిన మాడ్యూళ్లు, కోడ్ ఉదాహరణలు కూడా ఇక్కడ తిరుగుతుంటాయి, ఆ ఫ్రీక్వెన్సీ మార్చకుండా వాడకూడదు. యాంటెన్నా తగిలించకుండా లోరా మాడ్యూలుతో సిగ్నల్ పంపితే దాని ఔట్‌పుట్ భాగం దెబ్బతినవచ్చు. దగ్గరి దూరాలకి ఈఎస్‌పీ-నౌ (రూటరు లేకుండా బోర్డులు నేరుగా మాట్లాడుకునే పద్ధతి) కూడా ఉంది, దాని మొదటి వెర్షన్‌లో ఒక సందేశానికి 250 బైట్లు. కానీ అది ఆరు స్లాబులు దాటుతుందని ఆశపడొద్దు.

ఏ దారైనా నిర్ణయం మోటారు పక్కనున్న బోర్డుదే, టెర్రస్ మీద సెన్సరు దగ్గరున్న పైబోర్డు మట్టం చెప్తూ ఉండటమే. మోటారు నడుస్తున్నప్పుడు రెండు సెకన్లకోసారి మట్టం రావాలి, పది సెకన్లు ఏ సమాచారమూ రాకపోతే మోటారు ఆగాలి. సమాచారం లేకపోవడాన్ని 'అంతా బాగుంది' అని తీసుకునే ప్రోగ్రాం నీళ్లు పొంగిస్తుంది.

ఇంతవరకూ వెబ్ మాట రాలేదు. కావాలనే. ఇప్పుడు కలుపుదాం.

వెబ్‌కి కలపడమంటే బోర్డులోనే వెబ్ సర్వరు పెట్టి రూటరులో పోర్టు తెరవడం అని చాలా పాఠాలు నేర్పుతాయి. దయచేసి ఆ పని చెయ్యకండి. ఇక్కడి చాలా కనెక్షన్లలో అది కుదరదు కూడా. రూటరుకి బయటి నెట్ వైపు ఉండే (వాన్) అడ్రసు 100.64 నుంచి 100.127 మధ్య మొదలైతే మీరు సీజీనాట్ (ఒకే బయటి అడ్రసుని చాలా ఇళ్లకి పంచే ఏర్పాటు) వెనక ఉన్నారు, బయటి నుంచి మీ రూటరుకి దారే లేదు. దారి ఉన్నవాళ్లకి ఇంకా ప్రమాదం. 2016లో మిరాయ్ అనే మాల్‌వేర్, ఫ్యాక్టరీ పాస్‌వర్డులు మార్చని కెమెరాలనీ రూటర్లనీ అరవైకి పైగా పేరు-పాస్‌వర్డు జతలతో వెతికి పట్టుకుంది. ఆ అక్టోబరు 21న డైన్ అనే డీఎన్ఎస్ (సైట్ల పేర్లని అడ్రసులుగా మార్చే సేవ) సంస్థ మీద వాటిచేత దాడి చేయిస్తే అమెరికాలో పెద్దపెద్ద సైట్లు గంటల తరబడి అందలేదు. చిన్న పరికరమే కదా, దీన్నెవరు పట్టించుకుంటారు అనుకోవడానికి లేదు. కనెక్షన్ ఎప్పుడూ బోర్డు నుంచి బయటికే మొదలవ్వాలి. అప్పుడు సీజీనాట్ అడ్డం కాదు, తెరిచిన పోర్టూ ఉండదు.

దీనికి ఎంక్యూటీటీ అనే సందేశాల పద్ధతి బాగా కుదురుతుంది. ఇందులో పరికరాలు సందేశాలని టాపిక్ అనే పేరు కింద బ్రోకరు అనే సర్వరుకి పంపుతాయి, ఆ టాపిక్‌కి సబ్‌స్క్రైబ్ అయినవాటికి బ్రోకరు వాటిని అందిస్తుంది. 1999లో ఐబీఎంకి చెందిన ఆండీ స్టాన్‌ఫర్డ్-క్లార్క్, వేరే సంస్థలో పనిచేసే ఆర్లెన్ నిప్పర్ కలిసి, ఎడారిలోని చమురు పైపులైన్లని శాటిలైట్ మీదుగా గమనించడానికి దీన్ని తయారుచేశారు. పలచని, తెగిపోయే లింకు కోసమే పుట్టింది. దాని హెడర్ రెండు బైట్ల నుంచి మొదలవుతుంది. అదే ప్రతి రీడింగుకీ హెచ్‌టీటీపీలో కొత్త కనెక్షన్ తెరిస్తే కొన్ని వందల బైట్ల హెడర్లు, టీఎల్ఎస్ అయితే ప్రతిసారీ హ్యాండ్‌షేక్. గంటకోసారి పంపే వాన కొలమానానికి హెచ్‌టీటీపీ చాలు. మోటారుకి చాలదు, ఎందుకంటే బోర్డు బతికుందా లేదా అన్నది కూడా తెలియాలి. ఎంక్యూటీటీలో బోర్డు కలిసేటప్పుడే 'నేను పోతే ఇది చెప్పు' అని ఒక వీలునామా సందేశం బ్రోకరుకి ఇచ్చి ఉంచవచ్చు. కీప్-అలైవ్ సమయానికి ('ఉన్నాను' అని బోర్డు చెప్పాల్సిన వ్యవధికి) ఒకటిన్నర రెట్లు బోర్డు మాట్లాడకపోతే బ్రోకరు ఆ సందేశాన్ని అందరికీ పంపుతుంది. ఫోనులో పాత మట్టం 70 శాతం అని చూపిస్తూ బోర్డు చచ్చి ఉండటం కంటే 'బోర్డు అందుబాటులో లేదు' అని కనబడటం మేలు.

ఎంక్యూటీటీలో ఒక ప్రమాదం ఉంది. దీని గురించి పాఠాల్లో తగినంత చెప్పరు. సందేశాన్ని రిటెయిన్ గుర్తుతో పంపితే బ్రోకరు దాన్ని దాచుకుని, ఆ టాపిక్‌కి ఎవరు కొత్తగా కలిసినా వెంటనే ఇస్తుంది. మట్టానికీ, మోటారు స్థితికీ ఇది చక్కగా పనికొస్తుంది, ఫోను తెరవగానే చివరి అంకె కనబడుతుంది. అదే గుర్తు 'ఆన్' కోరికకి పెడితే, రాత్రి రెండింటికి కరెంటు పోయి వచ్చి బోర్డు మళ్లీ కలిసిన క్షణంలో, పొద్దున ఎప్పుడో నొక్కిన 'ఆన్' మళ్లీ అందుతుంది. మోటారు స్టార్ట్ అవుతుంది. కోరికలని ఎప్పుడూ రిటెయిన్ చెయ్యొద్దు. క్లీన్ సెషన్ ఆఫ్ చేసి (లింకు తెగినా నన్ను గుర్తుంచుకో అని) క్యూఓఎస్ 1తో (కనీసం ఒక్కసారైనా అందాలని) సబ్‌స్క్రైబ్ అయినా ఇదే తంటా, బోర్డు లేనప్పుడు బ్రోకరు దాచిన కోరికలన్నీ ఒక్కసారి వచ్చిపడతాయి. కోరికలో పంపిన సమయం కూడా పెట్టి, 30 సెకన్లు దాటినదాన్ని బోర్డు పక్కన పెట్టాలి. సరైన సమయం ఇంకా తెలియని బోర్డు దూరం నుంచి వచ్చే 'ఆన్'ని అసలు ఒప్పుకోకూడదు, 'ఆఫ్'ని మాత్రం ఎప్పుడొచ్చినా ఒప్పుకోవాలి.

చిన్నవి ఇంకా కొన్ని. ఆర్డుయినో ప్రోగ్రాముల్లో ఎంక్యూటీటీకి వాడే పబ్‌సబ్‌క్లయింట్ లైబ్రరీలో ప్యాకెట్ పరిమితి మామూలుగా 256 బైట్లు. మీ జేసన్ రూపంలోని సందేశం అది దాటితే పబ్లిష్ ఫంక్షన్ ఫాల్స్ ఇచ్చి ఊరుకుంటుంది, సందేశం వెళ్లదు, ఎర్రరూ కనబడదు. సెట్ బఫర్ సైజ్‌తో పెంచుకోండి. రెండు బోర్డులకి ఒకే క్లయింట్ ఐడీ ఇస్తే బ్రోకరు కొత్తది రాగానే పాతదాన్ని తోసేస్తుంది, అది మళ్లీ కలిసి దీన్ని తోసేస్తుంది, ఇలా రెండూ రోజంతా కలిసి విడిపోతూ ఉంటాయి. ఐడీలో బోర్డు మ్యాక్ అడ్రసు చేర్చితే ఈ గొడవ ఉండదు. వైఫై 2.4 గిగాహెర్ట్జ్ ఉండాలి, ఈఎస్‌పీ32 మూల చిప్పుకి 5 గిగాహెర్ట్జ్ కనబడదు. సిగ్నల్ బలం మైనస్ 70 డీబీఎం కంటే మెరుగ్గా ఉంటే నిశ్చింత, మైనస్ 80 దాటితే ఇబ్బంది. బోర్డుని ఇనప పెట్టెలో మూసి సిగ్నల్ లేదని బాధపడొద్దు, ప్లాస్టిక్ పెట్టె వాడండి.

బ్రోకరు ఎక్కడ ఉండాలి? ఇంట్లో. పాత లాప్‌టాప్ అయినా, రాస్ప్‌బెర్రీ పై అయినా సరే, మస్కీటో అనే బ్రోకరు సాఫ్ట్‌వేర్ దాని మీద తేలిగ్గా నడుస్తుంది. 2.0 వెర్షన్ నుంచి అది మామూలుగా తన యంత్రం నుంచి వచ్చే కనెక్షన్లనే తీసుకుంటుంది. లిజనర్ వరుస రాసి, పాస్‌వర్డు ఫైలు పెట్టేదాకా బోర్డు కలవదు. పాత పాఠాలు చూసి చేసేవాళ్లు ఇక్కడే చిక్కుకుంటారు. అక్కడ చాలామంది అనామక కనెక్షన్లకి అనుమతిచ్చి ముందుకెళ్తారు. వద్దు, రెండు నిమిషాల పని, పాస్‌వర్డు పెట్టండి. బయటి నుంచి చూడాలంటే వైర్‌గార్డ్‌లాంటి వీపీఎన్ (ఇంటి నెట్‌వర్కులోకి రహస్య దారి), లేదా బయట అద్దె సర్వరులోని బ్రోకరుకి 8883 పోర్టు మీద టీఎల్ఎస్‌తో బ్రిడ్జి.

క్లౌడు సేవే సులువు కదా అనే వాదన నాకు తెలుసు. మొదలుపెట్టడానికి సులువే. కానీ 300 డాలర్లకి అమ్మిన రివాల్వ్ హబ్ (ఇంట్లోని పరికరాలని నడిపే పెట్టె) 2016 మేలో సర్వర్లు ఆపేయడంతో పనికిరాకుండా పోయింది. గూగుల్ క్లౌడ్ ఐఓటీ కోర్ 2023 ఆగస్టు 16న మూతబడింది. పెద్ద సంస్థలైనా తమ లెక్క ప్రకారం సేవలు ఆపుతాయి, అది వాళ్ల ఇష్టం. మన ట్యాంకు ఆ లెక్కలో ఉండకూడదు. క్లౌడ్ వాడినా, బ్రోకరు అడ్రసుని కోడ్‌లో రాయకుండా బోర్డు ఫ్లాష్ మెమరీలో సెట్టింగుగా ఉంచండి, మార్చాలంటే టెర్రస్ ఎక్కి కేబులు పెట్టనవసరం లేకుండా.

టీఎల్ఎస్ వాడేటప్పుడు సర్వరు సర్టిఫికెట్టుని కాకుండా దాన్ని ధ్రువీకరించే సంస్థ రూట్ సర్టిఫికెట్టుని బోర్డులో పెట్టాలి. లెట్స్ ఎన్‌క్రిప్ట్ సంస్థ ఇచ్చే సర్టిఫికెట్లు 90 రోజుల లోపే మారిపోతుంటాయి, వాటి ఐఎస్ఆర్‌జీ రూట్ ఎక్స్1 గడువు 2035 జూన్ దాకా ఉంది. రూట్‌కి కూడా గడువు తీరుతుందని మర్చిపోవద్దు. 2021 సెప్టెంబరు 30న డీఎస్‌టీ రూట్ సీఏ ఎక్స్3 అనే పాత రూట్ గడువు ముగిసినప్పుడు అప్‌డేట్ చేయని పాత పరికరాలు కొన్ని ఒక్కసారిగా నెట్‌కి దూరమయ్యాయి. సెట్ ఇన్‌సెక్యూర్ అని ఒక్క వరుస రాస్తే కనెక్షన్ కలుస్తుంది, కానీ అవతల ఉన్నది ఎవరో చూడకుండా పాస్‌వర్డు ఇచ్చేసినట్టే. ఈఎస్‌పీ8266లో ఇంకో మెలిక. సమయం తెలియని బోర్డు 1970లో ఉన్నాననుకుంటుంది, సర్టిఫికెట్టు ఇంకా అమల్లోకి రాలేదని తిరస్కరిస్తుంది. ముందు ఎన్‌టీపీ (నెట్‌లో సరైన సమయం చెప్పే సేవ) నుంచి సమయం తెచ్చుకోవాలి. మన సమయానికి యూటీసీ నుంచి తేడా (ఆఫ్‌సెట్) 19800 సెకన్లు.

కరెంటు వచ్చినప్పటి క్రమం కూడా ఆలోచించాలి. బోర్డు ఒక్క సెకనులో లేస్తుంది, రూటరుకి రెండు మూడు నిమిషాలు పడుతుంది. చాలా ఉదాహరణ ప్రోగ్రాములు వైఫై కలిసేదాకా సెటప్‌లోనే చుట్టూ తిరుగుతాయి. ఆ మూడు నిమిషాలూ, రూటరు పాడైతే మూడు రోజులూ, బోర్డు ట్యాంకుని చూడదు. వైఫై ప్రయత్నం లూప్‌లో ఒక పక్కన జరగాలి. మొదట 5 సెకన్లకి, తర్వాత 10, 20, అలా 5 నిమిషాల దాకా పెంచుతూ పోవాలి. వాచ్‌డాగ్ టైమర్ (ప్రోగ్రాం బిగుసుకుపోతే బోర్డుని రీస్టార్ట్ చేసేది) ఆన్ చెయ్యండి, కానీ వైఫై లేదన్న కారణంతో బోర్డుని రీస్టార్ట్ చేసే కోడు రాయకండి. నడుస్తున్న మోటారు మధ్యలో ఆగుతుంది.

మోటారు తగిలించే ముందు కాంటాక్టర్‌కి 100 వాట్ల బల్బు కట్టి రెండు రోజులు హింసించండి. బల్బు వెలుగుతుండగా రూటరు ఆపండి, 90 శాతానికి ఆరాలి. పైబోర్డు తీగ లాగండి, పది సెకన్లలో ఆరాలి. సెన్సరు ముందు అట్టముక్క కదలకుండా పెట్టండి, మూడు నిమిషాల్లో ఆరి, ఆరినట్టే ఉండాలి. బ్రోకరు ఆపి, ఫోనులో ఆన్ నొక్కి, రెండు నిమిషాల తర్వాత బ్రోకరు నడపండి, వెలగకూడదు. అడాప్టర్ పీకి పెట్టండి, రిలే ఒక్క క్షణం కూడా టక్కుమనకూడదు.

చివరగా స్టార్టర్ పక్కన మూడు స్థానాల రోటరీ స్విచ్ ఒకటి. ఆటో, ఆఫ్, మాన్యువల్ అని తెలుగులో పెద్దక్షరాలతో రాసి అంటించాలి, వాచ్‌మన్‌కి చూపించి ఒకసారి తిప్పించాలి. మాన్యువల్‌లో బోర్డు రిలే దారి నుంచి పూర్తిగా తప్పుకోవాలి, బోర్డుని బాగుచేయడానికి విప్పి తీసుకెళ్లినా భవనానికి నీళ్లు ఎక్కాలి. ట్యాంకు పైనున్న ఫ్లోట్ రిలే, ఓవర్‌లోడ్ రిలే మాత్రం రెండు స్థానాల్లోనూ కాయిల్ దారిలోనే ఉండేలా ఎలక్ట్రీషియన్‌కి ముందే గీసి ఇవ్వండి.